రెండు దేశాల అడవుల లెక్క పక్కపక్కన పెట్టడం ఎలా (మధ్యలో మా చిత్తూరు మామిడి తోట గొడవ కూడా ఉంది)

ఫిబ్రవరి వచ్చిందంటే మా షాపులో ప్రాజెక్టుల సీజన్. తిరుపతిలో యూనివర్సిటీ వైపు నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది, పదిహేనేళ్ల నుంచి టైప్ కొట్టి కొట్టి ఎవరి ప్రాజెక్టులో ఏ తప్పు ఉంటుందో ఫస్ట్ పేజీ చూస్తేనే తెలిసిపోతుంది. నేను కూడా జాగ్రఫీ చదివినోడినే కాబట్టి ఊరికే ఉండలేక నోరు జారతా ఉంటా. మొన్న ఒక పిల్లోడు వచ్చినాడు, టాపిక్ ఏందంటే ఇండియా, బ్రెజిల్ అడవుల విస్తీర్ణంలో మార్పులు, 1990 నుంచి 2020 దాకా. టైప్ చేస్తా ఉంటే మూడో లైన్లో "2020లో భారతదేశంలో 72,160 హెక్టార్ల అడవి ఉంది" అని ఉంది. ఆగిపోయినా. "రేయ్ అబ్బయ్యా, మన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ ఒక్కటే 4,755 చదరపు కిలోమీటర్లు, అంటే నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల హెక్టార్ల పైన, దేశం మొత్తం అడవి దాంట్లో ఆరో వంతు కూడా లేదా" అన్నా. వాడు సెల్ తీసి చూపించినాడు, "లేదన్నా, ఇక్కడ అదే ఉంది చూడు" అని. చూస్తే నిజమే, అంకె అదే. పైన చిన్న అక్షరాల్లో "వెయ్యి హెక్టార్లలో" అని ఉంది, వాడు అది చూడలేదు.

ఆ రోజు వాడికి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తా ఉన్నా. ప్రాజెక్టు అయినా, గ్రూప్స్ వ్యాసం అయినా, గ్రాఫ్ ఇచ్చి పోల్చమనే ఇంగ్లీషు పరీక్ష అయినా పని ఒకటే.

ముందు ప్రశ్న ఒక్క లైన్లో రాసుకోండి

కంప్యూటర్ ఆన్ చేసే ముందే ఇది. "రెండు దేశాల అడవులు పోల్చడం" అన్నది ప్రశ్న కాదు. ఏ దేశాలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏం కొలుస్తా ఉన్నాం. ఈ మూడూ ఉండాలి. "1990 నుంచి 2020 మధ్య ఇండియాలో, బ్రెజిల్‌లో అడవి విస్తీర్ణం ఎంత పెరిగింది లేదా తగ్గింది, ఏ పదేళ్లలో జాస్తిగా మారింది", ఇలా రాసుకుంటే చాలు, తర్వాత ఏ టేబుల్ కావాలో ఏది అక్కర్లేదో అదే చెప్తుంది.

దేశాలు ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి, ఆ ముప్పై ఏళ్లలో దేశం సరిహద్దు మారిందా అని. మనకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, 2022 ఏప్రిల్ 4 ముందు చిత్తూరు జిల్లా వేరు, ఆ తర్వాత చిత్తూరు జిల్లా వేరు, తిరుపతి విడిపోయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాకి పోయింది. పాత చిత్తూరు లెక్క కొత్త చిత్తూరు పక్కన పెట్టి "అయ్యో సగం అడవి పోయిందే" అంటే ఎట్లుంటుంది? సూడాన్ అట్లాంటిదే, 2011లో దక్షిణ సూడాన్ విడిపోయింది. సోవియట్ యూనియన్ 1991లో ముక్కలైంది, 1990 లెక్క రష్యాకి కావాలంటే జాగ్రత్తగా చూడాలి. ఇండియా, బ్రెజిల్‌కి ఈ తలనొప్పి లేదు.

అడవి అంటే ఏంటో తేల్చుకోండి, సగం గొడవ ఇక్కడే

ఇక్కడ కాసేపు ఆగాలి. జనం జాస్తిగా తప్పు చేసేది ఈ కాడే.

మా అత్తగారి ఊరు బంగారుపాళ్యం వైపు, రోడ్డుకి రెండు పక్కలా తోతాపురి మామిడి తోటలే. పైనుంచి చూస్తే పచ్చగా అడవి లాగే ఉంటుంది. అది అడవా కాదా? డెహ్రాడూన్‌లో ఉండే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అడిగితే, ఒక హెక్టారు కంటే పెద్దదై చెట్ల నీడ 10 శాతం పైన ఉంటే చాలు, అది ఎవరి భూమి, ఏం చెట్టు అని చూడం, మామిడి తోటైనా ఫారెస్ట్ కవర్ కిందికే వస్తుంది అంటుంది. ఐక్యరాజ్యసమితి వాళ్ల ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్ఏఓ, దాన్ని అడిగితే వేరే మాట చెప్తుంది. అర హెక్టారు పైన భూమి, చెట్లు 5 మీటర్లు దాటి పెరగాలి లేదా పెరిగే రకం అయినా అయి ఉండాలి, నీడ 10 శాతం పైన ఉండాలి, అన్నీ ఉన్నా ఆ భూమి ప్రధానంగా వ్యవసాయానికో ఊరికో వాడేది అయితే అడవి కాదు. అంటే పండ్ల తోటలు అవుట్. పామాయిల్ తోట కూడా అవుట్. కానీ రబ్బరు తోట మాత్రం అడవే! జామాయిల్ తోట కూడా అడవే. ఎందుకలా అని నన్ను అడగొద్దు, వాళ్ల పుస్తకంలో అట్లుంది.

ఇంకోటి, గవర్నమెంట్ రికార్డుల్లో అటవీ భూమి అని రాసి ఉండేది ఒకటుంది. అది కాగితం మీద అడవి, అక్కడ ఒక్క చెట్టు లేకపోయినా అడవే. మన కొండల్లో కూడా బండరాళ్లు తప్ప ఏమీ లేని చోట్లు రిజర్వ్ ఫారెస్ట్ కింద ఉంటాయి కదా, అట్లా.

మూడు లెక్కలూ మూడు వేరే సంగతులు. ఇండియాకి ఫారెస్ట్ సర్వే లెక్క తీసుకుని, బ్రెజిల్‌కి ఎఫ్ఏఓ లెక్క తీసుకుని పక్కన పెడితే అది పోలికే కాదు. తేడా ఎంత ఉంటుందో చూడండి. ఫారెస్ట్ సర్వే 2021 రిపోర్టులో మన ఫారెస్ట్ కవర్ 7,13,789 చదరపు కిలోమీటర్లు, దేశ భౌగోళిక విస్తీర్ణంలో 21.71 శాతం. ఎఫ్ఏఓ 2020 లెక్కలో మనకి 7,21,600 చదరపు కిలోమీటర్లు, అంటే 24.3 శాతం. మామిడి తోటలు తీసేసే నిర్వచనంలో అంకె తగ్గాలి కదా, పెరిగిందేంది అంటారా? ఎఫ్ఏఓ సొంతంగా టేపు పెట్టి కొలవదు, ఆయా దేశాల గవర్నమెంట్లు పంపిన లెక్కలనే ఒక పద్ధతిలో సర్దుతుంది, ఆ సర్దడంలో అంకె అటూ ఇటూ అవుతుంది. శాతంలో తేడాకి ఇంకో కారణం కూడా ఉంది, ఫారెస్ట్ సర్వే నదులు, చెరువులతో సహా మొత్తం విస్తీర్ణంతో భాగిస్తుంది, ఎఫ్ఏఓ నీళ్లు తీసేసి నేల మీదే భాగిస్తుంది. కింద ఉండే అంకె చిన్నదైతే శాతం పెద్దది అవుతుంది, అంతే.

కాబట్టి రూల్ ఒకటే, రెండు దేశాలకీ ఒకే చోట నుంచి, ఒకే నిర్వచనంతో, ఒకే రిపోర్టు నుంచి తీసుకోండి. చివరిది చాలామంది పట్టించుకోరు. ఎఫ్ఏఓ అయిదేళ్లకోసారి రిపోర్టు వేస్తుంది, వేసినప్పుడల్లా పాత సంవత్సరాల అంకెలు కూడా తిరగరాస్తుంది. 1990 అంకె పాత రిపోర్టులోంచి, 2020 అంకె కొత్తదాంట్లోంచి తీసుకుంటే, మధ్యలో వచ్చిన తేడా అడవిదో రిపోర్టుదో చెప్పలేం. నేను ఇక్కడ వాడే ఎఫ్ఏఓ అంకెలన్నీ వాళ్ల 2020 రిపోర్టువి. మీరు కొత్త వెర్షన్ తీస్తే కొంచెం తేడా రావచ్చు, కంగారు పడొద్దు, మొత్తం కొత్తదే వాడండి.

కొలిచే పద్ధతి మారితే ఏమవుతుందో మన దేశంలోనే ఒక సూపర్ ఉదాహరణ ఉంది. ఫారెస్ట్ సర్వే 1999 రిపోర్టులో మన ఫారెస్ట్ కవర్ 6,37,293 చదరపు కిలోమీటర్లు, 2001 రిపోర్టులో 6,75,538. రెండేళ్లలో 38 వేల చదరపు కిలోమీటర్లు పెరిగింది, దాదాపు కేరళ రాష్ట్రం అంత! రెండేళ్లలో కేరళంత అడవి ఎవరు నాటారు సామీ? ఎవరూ నాటలేదు. అంతకుముందు శాటిలైట్ ఫోటోలు చాలావరకు కంటితో చూసి 25 హెక్టార్ల కంటే చిన్న ముక్కలు వదిలేసేవాళ్లు, 2001లో మొత్తం కంప్యూటర్ మీదకి తెచ్చి ఒక హెక్టారు ముక్క దాకా లెక్కేశారు. కళ్లద్దాలు మార్చారు, అంతే. మీ గ్రాఫులో ఎక్కడైనా ఇట్లా ఒక్కసారిగా ఎగిరిందంటే ముందు అడవిని కాదు, కళ్లద్దాలని అనుమానించండి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

వరల్డ్ బ్యాంక్ డేటా సైటు ఈజీ. సెర్చ్‌లో ఫారెస్ట్ ఏరియా అని కొడితే రెండు వస్తాయి, ఒకటి చదరపు కిలోమీటర్లలో, ఇంకోటి నేలలో శాతం. రెండూ డౌన్‌లోడ్ చేసుకోండి. లోపల ఉండేది ఎఫ్ఏఓ లెక్కే. ఎక్సెల్ ఓపెన్ చేస్తే పైన మూడు నాలుగు లైన్లు చెత్త ఉంటుంది, దాని కింద దేశాలు అడ్డంగా, సంవత్సరాలు కాలమ్స్‌గా 1960 నుంచి ఉంటాయి, కానీ 1989 దాకా గడులన్నీ ఖాళీ. ఖాళీ అంటే సున్నా కాదు! ఒకమ్మాయి ఆ ఖాళీలు అన్నిట్లో సున్నా నింపుకుని తెచ్చింది, గ్రాఫ్ చూస్తే 1989 దాకా ఇండియాలో ఒక్క చెట్టు లేదు, 1990 జనవరి ఒకటో తేదీ పొద్దున లేచేసరికి ఆరు కోట్ల హెక్టార్ల అడవి మొలిచింది.

ఇంకో చిన్న సంగతి. వరల్డ్ బ్యాంక్ టేబుల్లో 1994, 1997 ఇట్లా ప్రతి ఏడాదికీ అంకె కనిపిస్తుంది. అవన్నీ కొలిచినవి కాదు. దేశాలు రిపోర్టు చేసేది 1990, 2000, 2010, 2015 లాంటి సంవత్సరాలకి, మధ్యవి రెండు చివర్లు కలిపి గీత గీసి నింపినవి. అందుకే "1994లో అడవి ఇంత పెరిగింది" అని రాయొద్దు. పదేళ్ల ముక్కలుగా మాట్లాడండి.

ఎఫ్ఏఓ పీడీఎఫ్ నుంచి కాపీ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక, వాళ్లు వేల దగ్గర కామా పెట్టరు, స్పేస్ వదులుతారు. 72 160 అని ఉంటుంది. అది ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే అంకె కాదు, అక్షరాల కింద తీసుకుంటుంది, కూడితే సున్నా వస్తుంది, మీరు గంట సేపు తల పట్టుకుంటారు. ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి స్పేసులు తీసేయండి. గడిలో అంకె కుడివైపు అతుక్కుని ఉంటే అది అంకె, ఎడమవైపు ఉంటే అక్షరం, అదే గుర్తు.

యూనిట్లు

ఎఫ్ఏఓలో వెయ్యి హెక్టార్లు, వరల్డ్ బ్యాంక్‌లో చదరపు కిలోమీటర్లు, పేపర్లలో ఎకరాలు. ఒక చదరపు కిలోమీటరు అంటే 100 హెక్టార్లు. ఒక హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు, మన లెక్కలో 247 సెంట్లు. మొదట్లో చెప్పిన పిల్లోడి 72,160 ని వెయ్యితో గుణిస్తే 7.216 కోట్ల హెక్టార్లు. ఇంగ్లీషులో మిలియన్లలో ఉంటే పదితో భాగిస్తే కోట్లు వస్తాయి, 72.16 మిలియన్లు అంటే 7.216 కోట్లు. టేబుల్ మొత్తం ఒకే యూనిట్లో పెట్టుకుని, ఏ యూనిటో టేబుల్ నెత్తి మీద రాయండి. ఇంతే ఇది, దీనికి ఇంకా లెక్చర్ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క కట్టండి

నాలుగు సంవత్సరాలు, రెండు దేశాలు, అన్నీ కోట్ల హెక్టార్లలో.

ఇండియా: 1990లో 6.39, 2000లో 6.76, 2010లో 6.95, 2020లో 7.22.
బ్రెజిల్: 1990లో 58.89, 2000లో 55.11, 2010లో 51.16, 2020లో 49.66.

మొదటి లెక్క, హెక్టార్లలో తేడా. చివరిదాంట్లోంచి మొదటిది తీసేయండి. ఇండియాకి సుమారు 82 లక్షల హెక్టార్లు పెరిగింది. బ్రెజిల్‌కి 9.23 కోట్ల హెక్టార్లు పోయింది. ఈ రెండో అంకె ఇంకోసారి చూడండి. మన దేశం మొత్తం అడవి 7.22 కోట్లు, వాళ్లు ముప్పై ఏళ్లలో పోగొట్టుకున్నదే 9.23 కోట్లు. మా షాపులో ఈ లైన్ చెప్పినప్పుడు ఆ పిల్లోడు టీ గ్లాసు కింద పెట్టేసినాడు. అయినా వాళ్ల దగ్గర ఇంకా మనకి దాదాపు ఏడింతలు మిగిలి ఉంది.

రెండో లెక్క, శాతం మార్పు. తేడాని మొదటి సంవత్సరం అంకెతో భాగించి వందతో గుణించండి. ఇండియా 12.9 శాతం పెరిగింది, బ్రెజిల్ 15.7 శాతం తగ్గింది. హెక్టార్ల తేడాలో పదకొండింతలు ఉన్న దూరం, శాతంలోకి వచ్చేసరికి దగ్గర దగ్గరగా అయిపోయింది చూశారా. అందుకే ఒక్క లెక్కతో ఆపకూడదు. మనల్ని గొప్పగా చూపించాలనుకునేవాడు ఒకటి చెప్తాడు, వాళ్లని తిట్టాలనుకునేవాడు ఇంకోటి చెప్తాడు, ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

మూడోది, నేలలో వాటా. ఇండియాలో 1990లో 21.5 శాతం, 2020లో 24.3 శాతం. బ్రెజిల్‌లో 70.5 నుంచి 59.4 శాతానికి. ఇక్కడ గుంట ఒకటుంది, నూటికి తొంభై మంది పడతారు. 21.5 నుంచి 24.3 కి పోతే "2.8 శాతం పెరిగింది" అని రాస్తారు. తప్పు. 2.8 శాతం పాయింట్లు పెరిగింది. శాతంలో చెప్పాలంటే పైన చెప్పినట్టు 12.9. డౌట్ ఉంటే మార్కుల్లో ఆలోచించండి, మీకు 50 శాతం నుంచి 60 శాతానికి వచ్చాయంటే పది పాయింట్లు పెరిగాయి, కానీ మీ పాత మార్కుల మీద పెరుగుదల 20 శాతం. బ్రెజిల్‌కి కూడా అంతే, 11 పాయింట్లు పడింది, 15.7 శాతం తగ్గింది.

నాలుగోది ఏడాదికి ఎంత. సులువుగా 12.9 ని ముప్పైతో భాగిస్తే 0.43 వస్తుంది. అది బారువడ్డీ లెక్క. ఎఫ్ఏఓ వాడేది చక్రవడ్డీ లెక్క, ఎందుకంటే ప్రతి ఏడాదీ అంతకుముందు ఏడాది మిగిలిన అడవి మీదే పెరుగుదలైనా తరుగుదలైనా. 2020 అంకెని 1990 అంకెతో భాగించి, దానికి ముప్పయ్యో మూలం తీసి, ఒకటి తీసేయాలి, ఎక్సెల్‌లో పవర్ ఫంక్షన్‌లో ముప్పైలో ఒకటో వంతు పెడితే అయిపోతుంది. ఇండియాకి ఏడాదికి 0.40 శాతం పెరుగుదల, బ్రెజిల్‌కి 0.57 శాతం తరుగుదల వస్తుంది. డిగ్రీ ప్రాజెక్టుకి బారువడ్డీ లెక్క వేసినా ఎవరూ కొట్టరు, కానీ ఏది వేశారో రాయండి.

తర్వాత పదేళ్ల ముక్కలు. ముప్పై ఏళ్లని ఒకే ముద్దగా చూస్తే అసలు కథ కనపడదు. బ్రెజిల్ మొదటి పదేళ్లలో ఏడాదికి 37.8 లక్షల హెక్టార్లు పోగొట్టుకుంది, రెండో పదేళ్లలో 39.5 లక్షలు, మూడో పదేళ్లలో 15 లక్షలే. మనది మొదటి పదేళ్లలో ఏడాదికి 3.65 లక్షల హెక్టార్ల పెరుగుదల, తర్వాత 1.9, తర్వాత 2.66. అంటే ప్రాజెక్టులో "బ్రెజిల్ అడవులు నిరంతరంగా తగ్గుతున్నాయి" అని రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు, తగ్గే స్పీడు 2010 తర్వాత సగం కంటే తక్కువైంది అన్నదే అందులో అసలు పాయింటు.

టైమ్ ఉంటే తలసరి కూడా కట్టండి, మార్కులకి కాకపోయినా మీకే బుర్రలో దిగుతుంది. 2020 జనాభా మనది సుమారు 140 కోట్లు, వాళ్లది సుమారు 21 కోట్లు. అడవిని పంచితే మనకి మనిషికి పదమూడు సెంట్లు కూడా రాదు. బ్రెజిల్లో తలా అయిదున్నర ఎకరాల పైనే. పదమూడు సెంట్లంటే ఇల్లు కట్టి ఒక కొబ్బరి చెట్టు, ఒక జామ చెట్టు పెట్టుకునేంత!

గ్రాఫ్ గీయడం

రెండు దేశాల హెక్టార్లు ఒకే గ్రాఫులో పెడితే బ్రెజిల్ పైన యాభైలో ఉంటుంది, ఇండియా కింద ఏడు కాడ నేలకి అతుక్కుని సాపుగా కనిపిస్తుంది, పెరిగిందో తగ్గిందో తెలీదు. అప్పుడు చాలామంది ఎడమ పక్క ఒక స్కేలు, కుడి పక్క ఇంకో స్కేలు పెడతారు. నాకు అది నచ్చదు, స్కేళ్లు మీ ఇష్టం వచ్చినట్టు జరిపితే రెండు గీతలు ఎక్కడ కావాలంటే అక్కడ కలిసేట్టు చేయొచ్చు, చూసేవాడు "ఓహో ఈ సంవత్సరంలో ఇండియా బ్రెజిల్‌ని దాటేసింది" అనుకుంటాడు.

దానికి మందు సూచీ. రెండు దేశాలకీ 1990ని 100 అనుకోండి, మిగతా ఏళ్లని 1990 అంకెతో భాగించి వందతో గుణించండి. ఇండియా 100, 105.7, 108.7, 112.9 అవుతుంది. బ్రెజిల్ 100, 93.6, 86.9, 84.3. రెండు గీతలూ ఒకే చోట బయల్దేరి కత్తెర లాగా తెరుచుకుంటాయి, చూసిన వెంటనే అర్థమవుతుంది. కాకపోతే పక్కనే అసలు హెక్టార్ల టేబుల్ పెట్టి తీరాలి, లేదంటే రెండు దేశాల్లో అడవి ఒకే అంత ఉండేదని అనుకుంటారు.

ఎందుకు మారింది అన్నది రాసేటప్పుడు

గ్రాఫ్ ఎంత మారిందో చెప్తుంది, ఎందుకో చెప్పదు. కారణం వేరే చోట వెతకాలి, వెతికి సంవత్సరంతో కలపాలి. బ్రెజిల్‌కి ఇది సులువు, వాళ్ల అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి అమెజాన్‌లో ఎంత అడవి నరికారో శాటిలైట్‌తో ఏటా లెక్క వేస్తా ఉంది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు నరికారు. ఆ ఏడాదే గవర్నమెంట్ పెద్ద ప్లాన్ మొదలుపెట్టింది, శాటిలైట్‌లో చూసి పట్టుకోవడం, కొత్త రక్షిత అడవులు ప్రకటించడం, 2006లో కొత్తగా నరికిన అడవి నేలలో పండిన సోయా కొనం అని పెద్ద వ్యాపారులు ఒప్పందం చేసుకోవడం. 2012కి 4,571 కి పడింది. మళ్లీ 2021కి 13,038 కి ఎక్కింది. నరికిందాంట్లో చాలావరకు పశువుల మేతకే పోయింది. చూశారా, 2000, 2010, 2020 మూడు చుక్కలు పెట్టి గీత కలిపితే 2004 కొండా కనపడదు, 2012 లోయా కనపడదు. ఈ అంకెలు అమెజాన్ వరకే, ఎఫ్ఏఓవి దేశం మొత్తానివి, పైగా నికరం, అంటే పోయింది తీసేసి కొత్తగా పెరిగింది కలిపిన లెక్క. రెండూ ఒకే గీతలో కలపొద్దు, పక్కన విడిగా రాయండి.

నికరం అన్న మాట వచ్చింది కాబట్టి, ఇది మన దేశం గురించి రాసేటప్పుడు ఇంకా ముఖ్యం. కొండ మీద వంద ఎకరాల పాత అడవి పోయి, కింద నూట ఇరవై ఎకరాల్లో జామాయిల్ వేశారనుకోండి. లెక్కలో ఇరవై ఎకరాలు పెరిగినట్టు. ఎర్రచందనం శేషాచలం చుట్టుపక్కల తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు, దానికీ, ఏడేళ్లకి కొట్టి పేపర్ మిల్లుకి పంపే జామాయిల్‌కీ హెక్టార్ల లెక్కలో తేడా లేదు. ఇంకోపక్క, 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు వచ్చి హెలికాప్టర్లు దించారు కదా, పొగ కింద ఊళ్లోకి కూడా కనిపించింది, ఆ కాలిపోయిన చోటు కూడా లెక్కలో అడవే, ఎందుకంటే మళ్లీ చెట్లు వస్తాయి కాబట్టి భూమి వాడకం మారలేదు అంటారు. అందుకే విస్తీర్ణం పెరిగింది అంటే అడవి బాగుపడింది అని రాయొద్దు. "విస్తీర్ణం పెరిగింది" అని మాత్రమే రాయండి, బాగుపడిందా లేదా చెప్పాలంటే దట్టమైన అడవి ఎంత, నాటిన అడవి ఎంత అని విడిగా చూడాలి. ఎఫ్ఏఓ రిపోర్టులో సహజంగా మొలిచిన అడవి, నాటిన అడవి వేరే కాలమ్స్ ఉంటాయి, ఒక అరగంట కూర్చుంటే అదీ అయిపోతుంది, ఎవరూ కూర్చోరు.

ఇంకో సైటు ఉంది, గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అని, మ్యాపులు భలే ఉంటాయి, 2001 నుంచి ఏటా చెట్ల నష్టం చూపిస్తుంది. అది వాడితే తప్పు లేదు కానీ అది నష్టం మాత్రమే, పెరిగింది దాంట్లోంచి తీసేయరు, తోటలో చెట్లు కొట్టినా నష్టం కిందే వస్తుంది. దాంట్లో ఇండియా ఏటా అడవి పోగొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది, ఎఫ్ఏఓలో పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, ఏది అబద్ధం అని అడిగేవాళ్లు ఉంటారు. ఒకటి జేబులోంచి పోయింది మాత్రమే రాసుకున్న పుస్తకం, ఇంకోటి నెలాఖరుకి జేబులో మిగిలింది రాసుకున్న పుస్తకం, పైగా చెట్టు అంటే ఏంటో ఇద్దరికీ వేరే అర్థం.

రాయడం

నాలుగైదు లైన్లు చాలు, టేబుల్లో ఉన్న ప్రతి అంకెనీ మళ్లీ వాక్యంలో పెట్టొద్దు, చదివేవాడికి కళ్లు ఉన్నాయి. ఆ పిల్లోడికి నేను కొట్టిచ్చింది ఇది:

"1990 నుంచి 2020 వరకు భారతదేశ అటవీ విస్తీర్ణం 6.39 కోట్ల హెక్టార్ల నుంచి 7.22 కోట్ల హెక్టార్లకు పెరగగా, బ్రెజిల్‌లో 58.89 కోట్ల నుంచి 49.66 కోట్లకు తగ్గింది. బ్రెజిల్‌ కోల్పోయిన అడవి భారత్‌లోని మొత్తం అడవి కంటే ఎక్కువ. అయితే 2010 తర్వాత బ్రెజిల్‌లో తరుగుదల వేగం అంతకుముందు పదేళ్లతో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది. భారత్‌లో పెరుగుదల నికర లెక్క, నాటిన తోటలు కూడా ఇందులో ఉన్నాయి."

కింద ఒక్క లైన్, అంకెలు ఏ సంస్థవి, ఏ సంవత్సరం రిపోర్టువి, ఏ నిర్వచనం. వైవాలో అడిగే మొదటి ప్రశ్న అదే, "ఎక్కడిదమ్మా ఈ లెక్క" అని, "గూగుల్‌లో వచ్చింది సార్" అంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ప్రింటుకి ఇచ్చే ముందు గ్రాఫ్ ఒక్కసారి చూసుకోండి. ఇండియాకి పచ్చ, బ్రెజిల్‌కి ఎరుపు పెట్టి స్క్రీన్ మీద బాగుందని మురిసిపోయి బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ అడుగుతారు, రెండు గీతలూ ఒకే బూడిద రంగులో వస్తాయి, ఏది ఏ దేశమో మీకే తెలీదు. ఒకదాన్ని చుక్కల గీత చేసి, గీత చివరే దేశం పేరు రాసి తీసుకురండి. కలర్ పేజీ పది రూపాయలు.